రెండో ఆదివారం మెరుపు

ఫిల్మ్‌నగర్‌లో బాలాత్రిపురసుందరి వాళ్ళ డాబా మీద అల్యూమినియం పళ్ళెం ఒకటి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండేది. అది 1990. ఊళ్ళోకి డిష్ యాంటెన్నాలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. లెక్చరరమ్మ ఒక్కతే కూర్చుని ఫారిన్ టీవీ చూసుకుంటోందని వీధి వీధంతా ఖాయం చేసేసుకుంది. ఒకరిద్దరు పేరంటానికి వచ్చినట్టు వచ్చి, డాబా మెట్ల వైపు ఆశగా చూసి, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక సుందరికి పిసినారిదన్న పేరు కూడా తోడైంది.

ఆవిడ చూసేది టీవీ కాదు. చూడ్డమని కూడా అనకూడదు. మెట్ల పైన చిన్న గదిలో తలుపేసుకుని, కాగితం చుట్ట మీద ఒక ముల్లు గీసే గీతని కనిపెట్టుకుని కూర్చోవడం, అంతే. ఆ పళ్ళెం పట్టేది రేడియో తరంగాలనే, కానీ మన పాటలు మోసుకొచ్చే జాతివి కావు. రేడియో స్టేషన్ వాళ్ళ అలలు తాటిచెట్లంత పొడవుంటే, ఇవి జీలకర్ర గింజంత. కొద్ది మిల్లీమీటర్లు. ఇంత సుకుమారమైనవి కాబట్టే గాలిలో తేమ కనబడితే చాలు, అందులో ఇంకిపోతాయి. వానాకాలమంతా ఆ పళ్ళెం గుడ్డిది. చలికాలంలో కూడా రాత్రి మంచు దాని మీద నీటిపొరగా పడుతుంది గనుక, పొద్దున్న అది ఆరిన దగ్గర్నుంచి మధ్యాహ్నం సుందరి కాలేజీకి బయలుదేరేదాకానే పని.

ఆ పని ఆవిడకి అంటగట్టింది ప్రొఫెసర్ పట్టాభిరామయ్యగారు. ఎక్కడో మూలపడ్డ పాత రాడార్ సామాను ఏరుకొచ్చి, పదేళ్ళు కుస్తీ పట్టి, ఆ యంత్రాన్ని నిలబెట్టిన మనిషి. ఆకాశంలో కొన్ని చుక్కలు ఉన్నట్టుండి భగ్గుమంటాయి, కాసేపటికే ఆరిపోతాయి. కంటికి కనబడే వెలుగులో అలాంటివి చాలామంది చూశారు. ఈ జీలకర్ర గింజల అలల్లో మాత్రం చూసినవాళ్ళు లేరనే చెప్పాలి. "మెరుపులు లేక కాదమ్మాయ్, కనిపెట్టుకుని కూర్చునేవాళ్ళు లేక" అనేవారాయన. ఊరి గోల లేని ఎత్తైన చోటు కావాలంటే సుందరి తన డాబా ఇచ్చింది. డాబాతో పాటు తనని కూడా ఇచ్చేసుకుంది. ఆవిడ కాలేజీలో ఏ ఏటికాయేడు గండం గడిచే టెంపరరీ లెక్చరరు. డాక్టరేటు వస్తేనే ఉద్యోగం నిలబడేది. ఆ డాక్టరేటు ఒక్క మెరుపు మీద ఆధారపడి ఉంది. ప్రొఫెసర్‌గారేమో రెండు చలికాలాలు గడిస్తే, మార్చి నెలాఖరుకి రిటైరైపోతారు.

ఫిల్మ్‌నగర్‌లో ఊరి గోల లేదన్న మాట నిజమే. సినిమా గోల ఒకటుంటుందని ఆయనకి తట్టలేదు.

పక్క బంగళా ఓనరు అందులో ఒక్కరోజు కూడా నిద్రపోయిన పాపాన పోలేదు. దాన్ని కట్టించిందే షూటింగులకి అద్దెకివ్వడానికి. సోమవారం జమీందారు గారి దివాణం, బుధవారం స్మగ్లర్ల డెన్ను, శుక్రవారానికి హీరోయిన్ చదివే కాలేజీ. షూటింగంటే జనరేటర్ వ్యాను. అది గుర్రుమనగానే సుందరి గదిలో ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మొదటి చలికాలమంతా ఆ వణుకుతోనే తెల్లారింది. ఒకనాడు ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే భర్త త్రినాథరావు చూశాడు.

త్రినాథరావు ప్రొడక్షన్ మేనేజరు. తెనాలి నుంచి మద్రాసు వెళ్ళి, మద్రాసు నుంచి సినిమాతో పాటే హైదరాబాద్ తరలివచ్చిన మనిషి. యూనిట్‌కి ఇడ్లీలు తెప్పించడం నుంచి అలిగిన ఆర్టిస్టుని కారెక్కించడం దాకా అన్నీ ఆయన నెత్తినే. భార్య చేసే పనేమిటో ఆయనకి అర్థమైంది తక్కువ, గౌరవం మాత్రం ఎక్కువ. ఆవిడతో ఒక్క మాటనకుండా, ఆ బంగళాలోకి దిగే ప్రతి కంపెనీ మేనేజర్నీ పట్టుకుని చెప్పేవాడు. "పొద్దున పూట జనరేటర్ వద్దు గురూ. మా ఆవిడ మిషన్‌కి పడదు. బంగారంలాంటి ఎండ ఉంది, ఎండలోనే లాగించెయ్యండి. లైట్లు మధ్యాహ్నం పెట్టుకోండి." ఈ లోకంలో ఆయన సాయం పొందనివాడు లేడు గనుక అందరూ విన్నారు. రెండో చలికాలానికి పొద్దున్నపూట గుర్రుమనే చప్పుడు లేదు. ముల్లు గీత దారం లాగినట్టు తిన్నగా సాగింది. పట్టుచీర తెచ్చినా సుందరి అంత మురిసిపోయేది కాదు.

ఆ చలికాలంలోనే మెరుపులొచ్చాయి.

మొదటిది డిసెంబరులో. తిన్నగా పోతున్న ముల్లు ఎవరో జుట్టు పట్టి లేపినట్టు నిటారుగా లేచింది, కాసేపు అక్కడే నిలబడింది, మళ్ళీ కింద పడింది. రెండోది జనవరిలో. ప్రొఫెసర్‌గారు రెండు గీతల్నీ కళ్ళద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. ఆయనకీ అనుమానం లేకపోలేదు. ఆ రెండు రోజులూ పక్క బంగళాలో షూటింగుంది. జనరేటర్ లేదు, లైట్లు లేవు, కరెంటుది ఏదీ లేదు. అయినా జనం ఉన్నారు. "షూటింగ్ అసలే లేని రోజున రావాలమ్మాయ్. అప్పుడు నోరెత్తగల మగాడు లేడు" అన్నారు.

అలాగే వచ్చింది. ఫిబ్రవరిలో, రెండో ఆదివారం నాడు.

సినిమావాళ్ళకి పండగ లేదు, పబ్బం లేదు. ఉన్నదల్లా నెలలో రెండో ఆదివారం సెలవు. లైట్‌మెన్ దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా కార్మికులు కొట్లాడి సంపాదించుకున్న రోజది. ఆ రోజు కెమెరా తిప్పినవాడికి క్షమాపణ లేదు. షూటింగ్ చేయించిన మేనేజరు సంఘం కార్డు పోతుంది. కార్డు పోతే స్టూడియో గేటు లోపల కాలు పెట్టనివ్వరు. ఫిల్మ్‌నగర్ మొత్తం నిశ్శబ్దంగా ఉండేది ఆ ఒక్క రోజే. అందుకే సుందరి యంత్రాన్ని దాని మానాన దాన్ని వదిలేసి, వెంగళరావు నగర్‌లో బంధువుల పెళ్ళికి వెళ్ళొచ్చింది. వచ్చి చూస్తే కాగితం మీద మెరుపు, మొదటి రెండింటికంటే పెద్దది.

ప్రొఫెసర్‌గారు ఆ కాగితం చుట్టని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. నెలాఖరు గురువారం యూనివర్సిటీలో పెద్ద సభ. బెంగుళూరు నుంచీ పూనా నుంచీ ఈ విద్యలో తలపండినవాళ్ళు వస్తున్నారు. అందులో చదవడానికి వ్యాసం సిద్ధం చేశారు. వ్యాసం మీద తన పేరు పక్కనే సుందరి పేరు.

ఆ గురువారానికి ముందు సోమవారం. బాలమణి పక్క బంగళా డాబా ఊడ్చి ఇటొచ్చింది. ఆమెది రహమత్ నగర్. బంగళాలోనూ, సుందరి ఇంట్లోనూ పని చేస్తుంది. చేతినిండా వెండిరంగు కాగితపు ముక్కలు పట్టుకొచ్చింది.

"సూడమ్మా, మిద్దె మీద ఎట్ల పారేసి పోయిండ్రో. ఇయాల్నే పైకెక్కిన. జర మీ సారుకు చెప్పు, వాళ్ళోళ్ళకు బుద్ధి చెప్పమను."

"ఎప్పటివే ఇవి?"

"ఇంకెప్పటియి? గా రెండో ఐతారం షూటింగువే. అటెన్క బంగళాల ఎవ్వరు దిగనే లేదు."

సుందరి నవ్వింది. "రెండో ఆదివారం షూటింగ్ ఉండదు బాలమణీ."

"ఉండదు. గని అయింది. గేటు మూసి, సప్పుడు జేయకుంట చేసిండ్రు. మీరు పెండ్లికి పోయిండ్రు గద, గా దినమే. సారే నిలవడి చేయించిండు. చాయ్ గిలాసలు నేనే కడిగిన." బాలమణి మాట్లాడుతూ చెయ్యి ఊపింది. ఆ చేతిలో వెండికాగితం మీద ఎండ పడి, రూపాయి బిళ్ళంత వెలుగుమచ్చ గోడ మీద పరిగెత్తింది. గోడ మీంచి నీళ్ళ ట్యాంకు మీదికి, ట్యాంకు మీంచి అల్యూమినియం పళ్ళెం అంచు మీదికి పాకింది.

సుందరి నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

రిఫ్లెక్టర్ బోర్డులు! అట్టకి వెండిరేకు అతికించి, ఎండని పట్టి ఆర్టిస్టు మొహం మీదికి తిప్పే బోర్డులు. జనరేటర్ వద్దంటే వాళ్ళు చీకట్లో తీస్తారా? డాబా మీద బోర్డులు నిలబెట్టి తోటలోకి ఎండని తోస్తారు. సూర్యుడు కంటికి కనబడే వెలుగొక్కటే ఇవ్వడు, ఈ జీలకర్ర గింజల అలల్ని కూడా గుమ్మరిస్తాడు. అందుకే పళ్ళేన్ని ఎప్పుడూ సూర్యుడికి ఎడంగా పెట్టేది తను. పళ్ళెం సూర్యుణ్ణి చూడకపోతే, బోర్డు ఆ సూర్యుణ్ణే తెచ్చి పళ్ళెం పక్కన నిలబెట్టింది. పక్కవాటంగా పడినా చాలు, ముల్లు లేచి కూర్చుంటుంది. తలుపేసిన గదిలో కూర్చున్నవాళ్ళకి వెలుగుమచ్చ కనబడదు. కరెంటున్న ప్రతి వస్తువునీ అనుమానించారు గానీ, అట్టముక్కని అనుమానించాలని ఆవిడకీ తోచలేదు, ప్రొఫెసర్‌గారికీ తోచలేదు. రోజూ కళ్ళ ముందుండే వస్తువాయె.

సాయంత్రం త్రినాథరావు చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అడిగింది.

"ఏమండీ, మొన్న రెండో ఆదివారం పక్క బంగళాలో షూటింగ్ చేయించారా?"

"ఎవరు చెప్పారు?"

లేనిదాన్ని అడిగితే మనిషి ముందు లేదంటాడు, ఎవరు చెప్పారనడు. పన్నెండేళ్ళ కాపురంలో సుందరికి ఆ మాత్రం తెలుసు. ఆయన వెంటనే సర్దుకుని "రెండో ఆదివారం షూటింగేంటి, నీకేమైనా మతిపోయిందా?" అని నవ్వాడు. ఆవిడ రెట్టించలేదు. నిజం చెప్పమని నిలదీస్తే ఆయన నిజమే చెబితే ఎలాగన్న భయం ఆవిడకి పట్టుకుంది. ఆయన లేదన్నాడు, మొగుడి మాట నమ్మాను అనుకుని ఊరుకుంటే గురువారం గడిచిపోతుంది, డాక్టరేటు వస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది. ఆ ఆలోచన రావడమే ఆవిడకి సిగ్గనిపించింది.

"రేపు పొద్దున్న ఒక రిఫ్లెక్టర్ బోర్డు తెప్పించగలరా?" అంది చివరికి.

"ఓస్, అంతేనా!" అన్నాడాయన. బతికిపోయాననుకున్నాడు పాపం.

మంగళవారం పొద్దున్న త్రినాథరావు బంగళా డాబా మీద బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ నిలబెట్టాలో ఆవిడ చెప్పలేదు. మామూలుగా ఎక్కడ పెడతారో అక్కడే పెట్టి, కింద తోటలోకి ఎండ తిప్పమంది. పళ్ళేన్ని రెండో ఆదివారం నాడు ఉన్నట్టే ఉంచింది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

రెండు చలికాలాలుగా ఆ ముల్లు లేవాలని మొక్కని దేవుడు లేడు. ఆ రోజు మాత్రం లేవొద్దని మొక్కింది. తిన్నగా పోతున్న గీతని చూస్తూ, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ కూర్చుంది. బోర్డు అటూ ఇటూ కదులుతున్న అలికిడి వినబడుతోంది. ఏమీ కాలేదు. అమ్మయ్య అని ఊపిరి వదలబోయింది.

ముల్లు లేచింది.

నిటారుగా లేచి, అక్కడే నిలబడింది. సుందరి తలుపు తీసి "దించండి!" అని అరిచింది. ముల్లు పడిపోయింది. "ఎత్తండి!" లేచింది. మళ్ళీ దించమంది, మళ్ళీ ఎత్తమంది. అవతల ఆయన హుషారుగా "ఎలా వస్తోంది? బాగుందా?" అని కేకేశాడు.

బదులు రాకపోయేసరికి ఆయనే దిగి వచ్చాడు. సుందరి అప్పుడే గీసిన గీత పక్కన రెండో ఆదివారం నాటి కాగితం పరిచి పెట్టింది. కవల పిల్లల్లా ఉన్నాయి రెండూ. సైన్సు తెలియకపోయినా కవలల్ని గుర్తుపట్టడానికి చదువక్కర్లేదు. త్రినాథరావు రెండింటినీ మార్చి మార్చి చూసి, గడప మీద కూలబడ్డాడు.

"ఒక్క షాటు సుందరీ. ప్యాచ్‌వర్క్, మిగిలిపోయిన ముక్క. హీరోయిన్ సాయంత్రం ఫ్లైట్‌కి మద్రాసు వెళ్ళిపోతోంది, మళ్ళీ నాలుగు నెలల దాకా డేట్లు లేవు. ప్రొడ్యూసర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. జనరేటర్ పెడితే వీధంతా తెలిసిపోతుందని బోర్డులతో కానిచ్చేశాం." కాగితాల వంక చూస్తూ, "నీకు జనరేటర్ పడదు కదా, అదీ కలిసొచ్చిందనుకున్నాను" అన్నాడు.

సుందరికి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆవిడ ఏడుపు చూడలేక ఆయన జనరేటర్లు మాన్పించాడు. ఆయన జనరేటర్లు మాన్పించబట్టే బోర్డులొచ్చాయి. ఆ ఉపకారమే కొంప ముంచిందని ఎదురుగా కూర్చున్న మనిషికి ఎలా చెబుతుంది? చెప్పలేదు. ఆయనకే అర్థమైంది.

"ప్రొఫెసర్‌గారికి చెప్పెయ్" అన్నాడు. "కానీ నా పేరు రానియ్యకు. షూటింగ్ చేయించింది నేనని బయటికొస్తే కార్డు పోతుంది. నాకు ఇంకో పని రాదు సుందరీ." ఆవిడ ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

బుధవారం వెంగళరావు నగర్‌లో ప్రొఫెసర్‌గారింట్లో కొత్త గీత, పాత గీత బల్ల మీద పరిచింది. ఆయన చాలాసేపు చూశారు.

"సరే, బోర్డు పెడితే ముల్లు లేస్తుంది. ఒప్పుకున్నాను. డిసెంబరుది పోయింది, జనవరిది పోయింది. మూడోది ఎలా పోతుందమ్మాయ్? రెండో ఆదివారం బోర్డు ఎవరు పెట్టారు?"

"ఆ రోజు షూటింగ్ జరిగిందండీ."

"ఎవరు చెప్పారు?"

మొన్న మొగుడు, ఇవాళ గురువు. అదే ప్రశ్న. సుందరి తలొంచుకుంది. "నాకు తెలుసండీ" అంది.

"నీకు తెలిస్తే చాలదు. సైన్సుకి తెలియాలి." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కాదాయన. పోనీ, నిన్నటిదాకా కాదు. కానీ రిటైరయ్యే ముందు చేతికి చిక్కిన ఒకే ఒక్క కుందేలు అది. "సాక్ష్యం లేకుండా నా పదేళ్ళ పని చెత్తబుట్టలో వెయ్యమంటావా? రేపు మూడోదాన్ని చదువుతాను" అని లేచి లోపలికెళ్ళిపోయారు.

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. నోరు విప్పితే మొగుడి నోటి దగ్గర కూడు పోతుంది. మూసుకుంటే రేపో మాపో ఎవరో ఒకరు ఆ అట్టముక్క సంగతి బయట పెడతారు. అప్పుడు ఆ ముసలాయన మొహాన దేశమంతా ఉమ్మేస్తుంది. పైగా అబద్ధమని తెలిసి కూడా పక్కన తన పేరు.

గురువారం త్రినాథరావే ఆవిడని స్కూటర్ మీద తీసుకొచ్చాడు. హాల్లోకి రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. సభ అంతా ఇంగ్లీషులో నడుస్తోంది. ఆయనకి దాంట్లో సగం కూడా అందదు. ప్రొఫెసర్‌గారు మాత్రం ఆ రోజు మాట్లాడినంత బాగా జన్మలో మాట్లాడలేదు. అబద్ధం ఆడుతున్నానని ఆయన అనుకోవడం లేదు మరి. చలికాలపు ఆకాశం గురించి, ఎదురుచూడ్డం గురించి చెప్పారు. మొదటి రెండు గీతల్నీ తనే తోసేశారు, అవి సినిమావాళ్ళ వెండిరేకు బోర్డుల మాయ కావచ్చునన్నారు. హాలు మెచ్చుకోలుగా తలూపింది. అప్పుడు మూడో గీత తెర మీద వేశారు.

బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దాయన లేచారు. "ఇది కూడా బోర్డు మాయ కాదని ఎలా చెప్పగలరు?"

ప్రొఫెసర్‌గారు నవ్వారు. "మా ఊళ్ళో రెండో ఆదివారం సినిమా తియ్యడం దేవుడి తరం కూడా కాదు" అన్నారు. హాలంతా నవ్వింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

ఆ చప్పట్లు సుందరి చెంపల మీద పడ్డట్టయింది. తెలియకుండానే లేచి నిలబడింది.

"సార్, ఆ రోజు షూటింగ్ జరిగింది."

చప్పట్లు ఆగిపోయాయి. ప్రొఫెసర్‌గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు చేశారో చెప్పగలవా అమ్మా?" అన్నారు ఇంగ్లీషులోనే, చాలా మర్యాదగా.

చెప్పలేదు. చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట ఉంది. బాలమణి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే రేపు ఆమె పనిపోతుంది. సుందరి నిలబడే ఉంది. కూర్చుంటే అబద్ధానికి ఒప్పుకున్నట్టు, నిలబడితే పిచ్చిదానిలా. వెనకెవరో గుసగుసలాడారు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.

"నేను చేశానండీ."

తెలుగు. తలుపు దగ్గర్నుంచి. అందరి తలలూ అటు తిరిగాయి. ఇంగ్లీషు అందకపోయినా, మాట్లాడలేక నిలబడ్డ పెళ్ళాం వీపుని చూసి త్రినాథరావు సంగతి అందుకున్నాడు.

"నా పేరు త్రినాథరావండీ, ప్రొడక్షన్ మేనేజర్ని. ఆ నిలబడ్డావిడ నా భార్య. ఆ రెండో ఆదివారం షూటింగ్ చేయించింది నేనేనండీ. బోర్డులు పెట్టించింది కూడా నేనే. తప్పు నాది, ఆవిడది కాదు."

బెంగుళూరు పెద్దాయనకి తెలుగు రాదు. అధ్యక్షుడికీ రాదు. ఆయన ప్రొఫెసర్‌గారి వైపు వంగి, "ఏమంటున్నాడతను?" అని అడిగాడు.

హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు కొందరున్నారు గానీ, అడిగింది ప్రొఫెసర్‌గారిని. ఎవరో సినిమా మనిషి, సంబంధం లేని మాటేదో అంటున్నాడని చెప్పి పంపించెయ్యొచ్చు. పట్టాభిరామయ్యగారు త్రినాథరావుని చూశారు. నిలబడి ఉన్న సుందరిని చూశారు. తెర మీద ఆ గీత ఇంకా అలాగే ఉంది. ఆయన దాని వైపు తిరిగి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకున్నారు.

అప్పుడాయన మైకు దగ్గరికొచ్చి, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పారు. ఆ రోజు షూటింగ్ జరిగిందట. చేయించినవాడే చెబుతున్నాడు. బోర్డులు పెట్టింది ఆయనేనట. కాబట్టి ఇది మెరుపు కాదు. నా వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అంతా చెప్పి, కాగితాలు సర్దుకుని, మెట్లు దిగి, నేరుగా తలుపు దగ్గరికెళ్ళి త్రినాథరావు పక్కన నిలబడ్డారు.

"కార్డు పోతుందేమయ్యా?" అన్నారు మెల్లిగా.

"పోతుందండీ."

"నాదీ పోయిందిలే" అన్నారాయన, త్రినాథరావు భుజం మీద చెయ్యేసి. ఆ చెయ్యి చూసి సుందరి నిలబడ్డచోటే భోరుమంది.

చెవిన పడ్డ మాట చేరాల్సిన చోటికి చేరడానికి ఎంతసేపు! వారం తిరక్కుండానే సంఘం వాళ్ళు పిలిచారు. త్రినాథరావు కాదనలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. ఏడాది పాటు కార్డు లాగేసుకున్నారు. మొన్నటిదాకా కాళ్ళావేళ్ళా పడ్డ ప్రొడ్యూసర్ బజార్లో ఎదురైతే తల తిప్పుకున్నాడు. ఇల్లు సుందరి టెంపరరీ జీతం మీదా, ట్యూషన్ల మీదా నడిచింది.

మళ్ళీ చలికాలమొచ్చింది. రిటైరైన పట్టాభిరామయ్యగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి గదిలో సుందరి పక్కన కూర్చునేవారు. త్రినాథరావు డాబా మీద కుర్చీ వేసుకుని, చుట్టుపక్కల అన్ని డాబాల మీదా కన్నేసి ఉంచేవాడు. ఎక్కడైనా వెండిరేకు తళుక్కుమంటే కేకేసేవాడు, సుందరి కాగితం మీద ఆ చోట గుర్తు పెట్టేది. మిగిలిన గీతంతా తిన్నగానే సాగింది. డిసెంబరు పోయింది, జనవరి పోయింది, ఒక్క మెరుపూ రాలేదు. ఆ చలికాలం ఆ చోట ఆకాశంలో ఇంత పెద్ద మెరుపేదీ రాలేదని ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు లోకంలో ముగ్గురే ముగ్గురు. సుందరి ఆ మాటే రాసింది. ఏమీ లేదని అంత గట్టిగా చెప్పగలగడం కూడా సైన్సేనని పరీక్షించినవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ ఏడు తిరిగేలోగా డాక్టరేటిచ్చారు, ఉద్యోగం నిలబడింది.

అంతకు ముందే, ఆ మార్చిలో కార్డు తిరిగొచ్చింది. మర్నాడే త్రినాథరావుకి షూటింగ్ తగిలింది. తెల్లారకుండానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏడాది తర్వాత పెళ్ళికొడుకులా బయలుదేరాడు. సుందరి ఎదురొచ్చింది, సంతోషంగా సాగనంపింది. ప్రొఫెసర్‌గారు మోకాళ్ళ నొప్పితో ఆ రోజు రాలేదు. ఎండెక్కాక ఒక్కతే పైకెళ్ళి యంత్రం పెట్టుకుని కూర్చుంది. ముల్లు తిన్నగానే గీస్తోంది. అయినా ఆవిడ మాటిమాటికీ తలుపు తీసి బయటికి చూసింది. మొగుడి కుర్చీ ఖాళీగా ఉంది. చుట్టూ డాబాలు ఖాళీగానే కనబడ్డాయి. కానీ తను గదిలో ఉన్నప్పుడు కూడా ఖాళీగానే ఉన్నాయని చెప్పేవాళ్ళు లేరు. ఆ గీత మీద ఆవిడకి నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం కాకుండానే యంత్రం ఆపేసి, కిందికి దిగిపోయింది.